పది నిమిషాల నురుగు

తమ్ముడికి, పెద్దక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా.

నువ్వు నా దగ్గర వదిలిన నీ ముసలి కుక్కకు దురద తగ్గేలా లేదు, సూది వేయించి సాగనంపెయ్యమని రాశావు. నాకు చేతులు రాలేదు. నిజానికి తప్పు నాదే. చలికి వణుకుతోందని జాలిపడి, మందు షాంపూ రుద్దగానే కడిగేసేదాన్ని. "అమ్మా, మీరు మందు పట్టిస్తున్నది కుక్కకి కాదు, తూముకి" అన్నాడు పశువుల డాక్టరు. చర్మానికి పట్టిన ఈస్టు అనే బూజు చావాలంటే నురుగు పది నిమిషాలు ఉండాలట. నా ప్రార్థనకూ అంతసేపే పడుతుంది. అందుకని వారానికి రెండుసార్లు దానికి నురుగు పట్టించి, స్నానాల గదిలోనే ప్రార్థన చేసుకుంటున్నాను. అది కదలకుండా నిలబడుతుంది. తర్వాత వేళ్ల సందులు కూడా పొడిగా తుడుస్తున్నాను. నెల తిరిగేసరికి పులిసిన వాసన పోయింది, మెడ మీద కొత్త బొచ్చు వస్తోంది.

పాత తువ్వాళ్లుంటే పంపు. నీ దగ్గు తగ్గిందా? మరదలిని అడిగానని చెప్పు.

సూది మాట ఇక రాయకు. సెలవు దొరికితే వచ్చి దాని మెడ నిమిరి వెళ్లు. భగవంతుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.