చెక్క గుర్రం చెవి

మావయ్యా, నమస్కారం.
మా మ్యూజియంలో పిల్లల బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం, మట్టి బండి నుంచి రిమోట్ కారు దాకా. మట్టి బండి వేల ఏళ్లనాటిది. దాని చక్రం మీద చిన్న వేలిముద్ర ఉంది. ఆరకముందే ఏ పిల్లో పొడిచి చూసినట్టుంది. నాకు ఒళ్లు జలదరించింది. చెక్క బొమ్మల వరసలో మన గుర్రం పెట్టాలి. అమ్మా నేనూ చిన్నప్పుడు ఆడుకున్నదే. పంపవూ?
నీ మేనకోడలు
తా.క. జనం కళ్లప్పగించి చూడాలి.

చిట్టితల్లికి ఆశీస్సులు.
గుర్రం పంపాను. కుంటి గుర్రాన్ని పంపితే వడ్రంగి పరువేం కాను? కాలు మార్చాను. ఒక చెవిని ఎలుక కొరికేసింది, కోసి కొత్తది పెట్టాను. పైన ఎర్రరంగు కొట్టాను.
మావయ్య
తా.క. ఊరికే నిలబడి ఉంది పాపం, చక్రాలు కూడా బిగించాను.

మావయ్యా,
పెట్టె తెరిచి ముందు చెవే చూశాను. కొరికింది ఎలుక కాదు, అమ్మ. పళ్లొచ్చేటప్పుడు ఆ చెవి వదిలేదే కాదని అమ్మమ్మ చెప్పేది. అమ్మ పోయాక తన చిన్నతనం మిగిలింది ఆ గాట్లలోనే. ఆ చెవి ఎక్కడ?
నీ మేనకోడలు
తా.క. గుర్రాన్ని ఏ షాపులో కొన్నావని మా ఆఫీసరు అడిగారు.

చిట్టితల్లీ,
ముందే చెప్పొద్దూ? చెవి రంపపు పొట్టుతో పాటు పొయ్యిలోకి పోయుంటుంది. బెంగపడకు. పక్కింటి పాపకి పళ్లొస్తున్నాయి, పగలంతా నా కొట్లోనే పాకుతుంది. ఇంకో చెవి చేసిచ్చాను. కొరికించి పంపుతాను.
మావయ్య
తా.క. పాప దాన్ని ముట్టుకోవడం లేదు. ఎక్కడో దొరికిన చెక్కముక్క నోట్లో పెట్టుకుని కూర్చుంది.

మావయ్యా,
ఎవరి పళ్లయినా ఒకటేనా? నాకేమీ పంపకు. చెక్క బొమ్మల వరసలో ఖాళీ అలాగే ఉంచుతాను.
నీ మేనకోడలు
తా.క. పొయ్యి బూడిదలో ఒక్కసారి వెతుకు మావయ్యా.

తల్లీ,
బూడిదంతా జల్లించాను, దొరకలేదు. దిగులుగా కూర్చుంటే పాప పాక్కుంటూ వచ్చి, నోట్లోని చెక్కముక్క నా మోకాలి మీద పెట్టింది. అదే చెవి! తుడిచి వెలుగులో చూశాను. నీకు అమ్మయితే నాకు అక్క కదా, ఏడుపాగలేదు. అక్క గాట్ల పక్కనే పాప గాట్లు కొత్తగా దిగాయి. అదే సైజు, అదే వంపు. ఇంత బతుకు బతికి ఇలాంటి వింత చూడలేదు. రంపం ముట్టకుండా పంపుతున్నాను. ఆ మట్టి బండి పక్కనే పెట్టు.
మావయ్య
తా.క. బదులుగా కొత్త చెవి ఇస్తే విసిరికొట్టింది. నీలాగే, పాతదే కావాలట.