బ్రేకు లేని బండికి ఎదురు నిలబడిన నీకు

మస్తాన్ మామా,

నీ పేరును నీ శిష్యుడు ఓబులేసే మింగేశాడు. నిన్న పులివెందుల సన్మానసభలో, మెడలో పూలదండ ఉండగానే, "నాకు స్టీరింగు పట్టడం నేర్పింది మద్రాసు సేటుగారే" అని మైకులో చెప్పాడు.

నువ్వు పోయాక వాడు చాలా ఎదిగాడు. మద్రాసు దగ్గర ఒకప్పుడు విమానాలు దిగిన మైదానంలో జరిగే కార్ల పందేల్లో జీతానికి సేటు కారు తోలుతున్నాడు. మొదటిసారి గెలిచాడని తెలిసిన రోజు నీ మెకానిక్ షెడ్డులో అందరికీ టీ పోయించింది నేనే.

సభ అయ్యాక నిలదీశాను. "ఏందప్పా, మస్తాన్ మామ పేరు నోట్లోకి రాల్యాదా?"

"సుమ్మనుండ్రా! సేటు ఈడే ఉండాడు. పాత ఇనుము బండి మీద నేర్చుకున్నోడని తెలిస్తే నాకు కొత్త కారు ఇస్తాడా?"

ఆ బండే మామా! మంచం పైపులకు మోటారు సైకిలు ఇంజను బిగించి, జమ్మలమడుగు పెన్నా ఇసుకలో నువ్వు వాడితో తోలించిన చిన్న పందెపు బండి. బ్రేకు పెట్టలేదేమని మేం నవ్వితే, "నేను ల్యానా?" అంటూ ఎదురుగా చేతులు చాపి నిలబడేవాడివి. నిన్ను చూడగానే వాడు ఇసుక దిబ్బలోకి తిప్పి ఆపేవాడు. ఒక్కసారి కూడా నిన్ను తాకలేదు.

పనిచేసినవాడి పేరు చెరిపేయడం కూడా దోపిడీయేనని మన కార్మిక సంఘం కరపత్రాల్లో చదివాను. అది మనవాడే చేస్తాడని ఏ కరపత్రమూ చెప్పలేదు.

రేపు ప్రొద్దుటూరులో వాడి ఊరేగింపు. కారు నీ షెడ్డు ముందు నుంచే వస్తుంది. వెల్డర్లకూ క్లీనర్లకూ అందరికీ కబురు పెట్టాను. నీ బండిని రోడ్డు మీదికి తోసి, దాని ముందు చేతులు చాపి నిలబడతాం. ఈ కారుకు బ్రేకులున్నాయి, ఆపుతాడో లేదో చూద్దాం.

వరుస మధ్యలో నీ చోటు వదిలిపెడతాం మామా. సాయంత్రం నాలుగింటికి, షెడ్డు ముందు.