రెండు ముడుల సీసా

పెద్దోడికి,

మీ అమ్మ మనసారా దీవించి రాయించేది. ఇక్కడ అందరం వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. ఉత్తరం మొదట్లో క్షేమమని రాయాలి కాబట్టి రాయిస్తున్నాను. ఎంత క్షేమంగా ఉన్నామో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. ఫోను కూడా అందని ఆ డ్యాము పనిలో నువ్వెలా ఉన్నావో అని నాకు రోజూ బెంగే.

ఇది రాస్తున్నది మీ తమ్ముడే. పోయినసారి నీ ఉత్తరం చదివి వినిపించిందీ వాడే. వాణ్ణి నువ్వు తిట్టిన తిట్లన్నీ వాడి నోటితోనే నాకు వినిపించావు. ఒక్క మాట మింగకుండా చదివాడు. అందుకే నా జవాబూ వాడి చేత్తోనే రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలని, మధ్యలో నోరెత్తకూడదని ముందే మాట తీసుకున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు ఊరుకుంటాయి, దిగేటప్పుడు సాధిస్తాయి. మాత్రలు మానలేదు. గుండ్రంది పొద్దున, పొడుగుది పడుకోబోయే ముందు. నాకు అక్షరం రాకపోయినా ఆకారం వస్తుంది. కారులోంచి తీసిన పాత స్టీరింగు పంపు పారెయ్యలేదు, గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాను.

ఇక కారు సంగతి. "పంపు పార్సిల్ చేసింది మెకానిక్ షెడ్డులో ఇచ్చి వేయించమని కదా, వీడెందుకు చెయ్యి పెట్టాడు" అని అడిగావు. పెట్టించింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు. పద్నాలుగేళ్ళు షెడ్డులో పనిచేసిన మనిషి ఇంట్లో ఉండగా, ఇంటి కారుని పరాయివాడి ముందు నిలబెట్టడమేమిటి? ఇంజను బెల్టులో పడి వీడి ఎడమచేతి రెండు వేళ్ళు వంగకుండా పోయాక షెడ్డు యజమాని "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఇంక రావద్దనడానికి అదొక మర్యాద. ఏడాది పాటు వీడు పనిముట్ల పెట్టె మూత ఎత్తలేదు. దాని మీద నేను ఉతికిన బట్టలు మడతపెట్టుకున్నాను. నీ పార్సిల్ రాగానే ఆ బట్టలు తీసి మంచం మీద పడేసి, "నువ్వే వెయ్యి" అన్నాను.

రెండు రోజులు చేశాడు. బెల్టు వదులు చేశాడు, పైపులు ఊడదీశాడు, పాత నూనె బేసిన్లోకి వంచాడు. పంపు తలకాయలో ఉండే చక్రం ఒక పూటంతా ఊడి రానంది. నేను అరుగు మీద కూర్చుని దాన్ని తిడుతూ ఉన్నాను, వీడు దాన్ని బుజ్జగిస్తూ ఉన్నాడు. చివరికి వీడి మాటే విన్నది. కొత్తది బిగించి, నూనె పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, నన్ను తీసుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ఈ వయసులో నేను డ్రైవరునయ్యాను.

"పూర్తిగా ఎడమకి తిప్పమ్మా. ఆగు. ఇప్పుడు కుడికి."

"కదలని బండికి ఇన్ని మలుపులెందుకురా?"

"నూనెలో గాలి పోవాలి. బుడగలున్నంతసేపు పంపు మూలుగుతుంది."

"మూలగనీ. నేను మూలుగుతుంటే ఎవరైనా ఇలా చూస్తున్నారా?"

ఇరవైసార్లు తిప్పించాడు. భుజాలు పడిపోయాయి. అంతలో ఆ మూలుగు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. వీడు బానెట్ పక్కన తలవంచి కాసేపు విన్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వాడు. ఏడాదిగా ఈ ఇంట్లో ఆ నవ్వు లేదురా పెద్దోడా. వీడు తల ఎత్తడం లేదు, కానీ ఇది కూడా రాస్తున్నాడు.

పది రోజులు ఒక వేలితో తిప్పితే తిరిగింది. పదకొండో రోజు మీ మరదలు ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరింది. బడి దగ్గర మలుపులో స్టీరింగు ఒక్కసారిగా బండరాయిలా బరువెక్కింది. తిప్పలేక కారుని ప్రహరీకి తగిలించింది. లైటు పగిలింది, భుజం కమిలింది. అంతకంటే ఏమీ కాలేదు. నీకు పూర్తిగా రాయలేదని కోప్పడకు, నాకే నోరు రాలేదు. అక్కణ్ణించే ఫోన్ చేసి, "అత్తయ్యా, నాకేం కాలేదు. ఆయనకి మెల్లగా చెప్పండి" అంది. దాని భుజం మీద దానికి దిగులు లేదు, వీడి మనసు మీదే.

దిగులు పడ్డట్టే అయింది. కారు ఇంటికి తెచ్చాక వీడు కింద దూరి చూశాడు. పంపు ముందు భాగం నుంచి నూనె కారుతోంది. బిగించిన నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి. ఉన్నా సరే, "నా చెయ్యే సరిగ్గా లేదు. లోపలి రబ్బరు సీలు నలిపేసి ఉంటాను" అన్నాడు. ఆ పూట నుంచి పెళ్ళాం మొహం చూసి మాట్లాడటం లేదు. ఆపైన నీ ఉత్తరం వచ్చింది. "చెయ్యి బాగోలేనివాడు నా కారు ముట్టుకోవద్దు" అని. చదివి, మడతపెట్టి, "అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది" అన్నాడు. పనిముట్ల పెట్టె కొనుక్కోవడానికి రేపు పొద్దున ఎవరో మనిషి వస్తున్నాడు. వీడు అమ్ముతానని మాటిచ్చేశాడు. అందుకే ఈ ఉత్తరం ఇవాళే రాయించాలని పట్టుబట్టాను.

ఇప్పుడు చెప్పేది రాయరా చిన్నోడా. కలం ఆపకు.

పెద్దోడా, నా పద్ధతి నీకు తెలుసు. చదువుకున్నవాళ్ళకి సీసా మీద లేబులు, నాకు సీసా మెడకి దారం. వంటింట్లోలాగే కారు నూనెలకీ కట్టాను. ఇంజనుకి ఒక ముడి, స్టీరింగుకి రెండు, బ్రేకులకి మూడు. కారు పనయ్యాక సీసాలన్నీ జిడ్డుగా ఉన్నాయని దారాలు విప్పి, సబ్బు పెట్టి కడిగాను. ఆరాక జ్ఞాపకంతో మళ్ళీ కట్టాను. నా జ్ఞాపకం మీద నాకున్న పొగరు నీకు తెలియనిది కాదు.

పంపు వేసిన మూడో రోజు పొద్దున బానెట్ ఎత్తి స్టీరింగు నూనె డబ్బా చూశాను. గీతకంటే కిందికి దిగింది. "దిగితే నన్ను పిలువు" అని మీ తమ్ముడు చెప్పే ఉన్నాడు. వాడు నిద్రపోతున్నాడు. రెండు రోజులు వంగి చేసిన నడుము కదా, లేపబుద్ధి కాలేదు. రెండు ముడుల సీసా తీసి చిన్న గ్లాసుడు నేనే పోసేశాను. స్టీరింగు నూనెదీ బ్రేకు నూనెదీ ఒకటే రంగు. గీత దాకా వచ్చింది. గొప్ప పని చేశాననుకున్నాను.

కారు గుద్దుకున్న మర్నాడు, బ్రేకులు కూడా చూద్దామని వీడు సీసా అందుకున్నాడు. రెండు ముడుల సీసా. లేబులు చూసి, "బ్రేక్ ఆయిల్ ఇంత తగ్గిందేమిటి" అని తనలో తను గొణుక్కున్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. అది నేనే అని అనాల్సింది. అనకుండా లోపలికి వెళ్ళిపోయాను. వీడు అటు తిరగ్గానే వచ్చి దారాలు మార్చి కట్టాను. ఒకప్పుడు షెడ్డు కబుర్లలో వీడే అన్నాడు, బ్రేకు నూనె తగిలితే స్టీరింగు పంపు రబ్బరు ఉబ్బి పాడవుతుందని. అంటే పాడుచేసింది వీడి చెయ్యి కాదు, నాది. కోడలి భుజం కమిలింది నా వల్ల. ఎనిమిది రోజులు వీడు చెయ్యి చూసుకుని కుమిలిపోతుంటే, ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఎవరి తప్పునైనా వీధంతా వినపడేలా చెప్పే నోరు ఇది. నా తప్పుకి లేవలేదు. మొహం చూసి చెప్పలేకే నీకు రాసే వంకతో వీడికి చెబుతున్నాను.

ఆపాడు.

రాయరా అన్నాను. రాయలేదు. ఒక్కటే అడిగాడు.

"ఎంత పోశావమ్మా?"

"చిన్న గ్లాసుడు."

"కాఫీ గ్లాసా, నీళ్ళ గ్లాసా?"

"కాఫీది."

కాగితం ఇలాగే వదిలేసి లేచి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏడుస్తున్నాడో, కోపంతో పెళ్ళాన్ని తీసుకుని ఎటైనా పోతాడో తెలియలేదు. గంట దాటింది. పెరట్లో ఇనుము మీద ఇనుము చప్పుడు వినపడ్డాక గానీ వీడు ఎటూ పోలేదని తెలియలేదు.

ఇప్పుడే వచ్చి మళ్ళీ కలం పట్టుకున్నాడు. చేతులు కడుక్కోలేదు, కాగితం అంచున ఆ నల్లటి మరక వీడిదే. పంపు విప్పాడట. సీలు ఉబ్బి మెత్తబడిందట, నలిగిన గుర్తు ఎక్కడా లేదట. పైపులన్నీ కడగాలట. కొత్త పంపు అక్కర్లేదు, సీళ్ళ సెట్టు మాత్రం కొని పంపమంటున్నాడు. నన్ను క్షమించాడో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. నీ మరదలు డ్యూటీ నుంచి రాగానే దానికి మాత్రం నేనే, మొహం చూసే చెబుతాను. ఈ ఎనిమిది రోజుల్లోనూ లేనంత భయం నాకు ఇప్పుడు వేస్తోంది. పెట్టె కొనడానికి రేపు వచ్చే మనిషికి ఏం చెప్పాలిరా అంటే, "బట్టలు మాత్రం మళ్ళీ ఆ పెట్టె మీద పెట్టకు" అన్నాడు.

నువ్వు వీడికి రెండు ముక్కలు విడిగా రాయి. ఏం రాయాలో నేను చెప్పను. వీడే నాకు చదివి వినిపిస్తాడు కాబట్టి చూసి రాయి.

సంతకానికి బదులు వేలిముద్ర వెయ్యడానికి ఇంకు దొరకలేదు. వీడి అరచేతి నూనెలోనే వేలు అద్దాను.

ఇట్లు,
తప్పు చేసిన వేలు ఇక్కడ పెట్టిన
మీ ఇద్దరి అమ్మ