మంగళవారం నమూనా

సెప్టెంబర్ 10, మంగళవారం

సుమ్మాక్ కొండ మురుగు నమూనా ల్యాబ్‌కి వచ్చింది. అమ్మాన్ నగరంలో నేను పుట్టి పెరిగిన కొండ. నమూనాలు పట్టే ట్రక్కు ఈరోజే ఖాళీగా దొరికింది. మ్యాన్‌హోల్ దగ్గర ప్రవాహం కొలిచే ఫ్లో మీటర్ పనిచేయడం లేదన్నారు. ఏడాది సగటు ప్రవాహంతో లెక్క కట్టేద్దాం, అందరూ చేసేదే.

సెప్టెంబర్ 17

క్యాప్టగాన్ మత్తు మాత్రల ఆనవాళ్లు మిగతా నగరం కంటే మూడు రెట్లు. రెండుసార్లు రన్ చేశాను, అదే అంకె. మా హెడ్ డాక్టర్ ఖల్దూన్ వచ్చి చూసి, శభాష్ లమీస్, ఇన్నాళ్లకి మన ల్యాబ్ పేరు పేపర్లో పడే పని చేశావు అన్నాడు. అబద్ధం రాయడం దేనికి, చాలా సంతోషించాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

పేపర్లో పడింది. కొండ పేరుతో సహా.

సెప్టెంబర్ 24, మంగళవారం

విజ్దాన్ పిన్ని ఫోన్ చేసింది. పిన్ని వాళ్లు ఇంకా ఆ కొండ మీదే ఉంటారు. ఆవిడ కొడుకు రాకాన్ స్కూలు బస్సు నడుపుతాడు. బస్సుల యజమాని ఆ కొండ డ్రైవర్లందరికీ తలో కప్పు ఇచ్చి, మాత్రల పరీక్షకి ఉచ్చ పోసి తెమ్మన్నాడట. మిగతావాళ్లు గొణుక్కుంటూ తెచ్చారట. మావాడు కప్పు వెనక్కి తోసి, మా అక్క మా కొండ ఉచ్చంతా సీసాలకెత్తి పేపర్లో వేయించింది, అందులో నాదీ ఉంటుంది, పోయి చూస్కోండి అన్నాడట. బస్సు తాళాలు అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నారట.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడే వస్తానంటే మాత్రం వద్దంది. ఇవాళ ఇంట్లో చుక్క నీళ్లు లేవే తల్లీ, బాత్రూంలో నలుగురికీ కలిపి ఒకటే బకెట్, రేపు నీళ్ల రోజు కదా, రేపు రా అంది.

అదే రోజు, సాయంత్రం

నీళ్ల రోజు.

ఆ కొండకి వారానికి ఒక్కసారి, బుధవారం, పంపు వస్తుంది. బట్టలు, గచ్చు, తలంట్లు, అన్నీ ఆ రోజే. మంగళవారానికి మేడ మీది ట్యాంకు అడుగంటుతుంది. మురుక్కాలవలో నీళ్లు సన్నగా, చిక్కగా పోతాయి. నేను పట్టింది ఆ చిక్కటి నీళ్లు, గుణించింది ఏడాది సగటుతో. టీ మరిగి సగమైతే, చక్కెర ఎక్కువ పోశారని గోల చేసినట్టుంది.

దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. చిన్నప్పుడు మంగళవారాలు నేనూ మాసిన యూనిఫాంతోనే బడికి వెళ్లాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్ వస్తుంది. మర్చిపోయాను. అంతే, మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్టోబర్ 6, ఆదివారం

మీటర్ బాగుచేయించి వారమంతా రోజూ నమూనా తీయించాను. సుమ్మాక్ కొండ మిగతా నగరంలాగే ఉంది. ఇప్పుడు నేనుండే వీధుల కంటే కాస్త తక్కువే.

ఖల్దూన్ అంతా చదివి, మన తప్పు మనమే చాటుకుంటే రేపు మన మాట ఎవడు వింటాడు, వచ్చే ఏడాది రిపోర్టులో అడుగున ఎక్కడో వేద్దాంలే అన్నాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన మీద గొంతు లేపాను. చివరికి పేపర్‌కి రెండు లైన్ల సవరణ పంపాడు.

అక్టోబర్ 9

రెండు లైన్లూ పడ్డాయి. అద్దె ఇళ్ల ప్రకటనల కింద.

అక్టోబర్ 13

కటింగ్ పట్టుకుని బస్సుల యజమాని అబూ శాకిర్ దగ్గరికి వెళ్లాను. మర్యాదగా కాఫీ ఇచ్చాడు. చదివి, ఇందులో మీ తమ్ముడి పేరేదమ్మా అన్నాడు. కొండ మంచిదైతే కొండకి సంతోషం, నా బస్సెక్కేది పసిపిల్లలు, వాడు మాత్రలు మింగడని మీ ల్యాబ్ కాగితం తీసుకురండి, ఆ పూటే తాళాలిస్తాను అన్నాడు. క్లినిక్‌లో చేయిస్తానంటే ఒప్పుకోలేదు. డబ్బు పడేస్తే ఏ క్లినిక్ అయినా రాసిస్తుంది, మాట అన్నది మీరు, మీరే రాసివ్వండి అన్నాడు.

మా ల్యాబ్‌కి మనుషుల్ని పరీక్షించే లైసెన్సు లేదు. మొత్తం కొండ గురించి ఎంతైనా రాయొచ్చు. ఒక మనిషి గురించి ఒక్క ముక్క రాయకూడదు. అది ఆయనకి ఎలా చెప్పాలో తెలియక కాఫీ తాగి వచ్చేశాను.

అక్టోబర్ 17, గురువారం

రాకాన్ ల్యాబ్‌కే వచ్చాడు. పేపర్ చుట్టిన సీసా నా టేబుల్ మీద పెట్టి, తీసుకో డాక్టరమ్మా, ఇది నా ఒక్కడిదే, కొండ కలవలేదు అన్నాడు. లైసెన్సు సంగతి చెప్పాను. మరి మమ్మల్నందర్నీ అన్నప్పుడు ఏ లైసెన్సుతో అన్నావక్కా అన్నాడు. సీసా అక్కడే వదిలేసి వెళ్లాడు.

అక్టోబర్ 20

అందరూ వెళ్లాక, రూలు తప్పి, ఆ సీసాలోది మెషీన్‌లో పెట్టాను. మాత్రల జాడ ఏమీ లేదు.

ఎవరికి చెప్పను? రాకాన్‌కి ముందే తెలుసు.