ముందు నీళ్ళు, తర్వాత ఊరు

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మా గోడ పక్కనున్న మీ ఇంటిని మీ పెద్దబ్బాయి అద్దెకిచ్చేశాడు.

పొద్దున టీవీలో మళ్ళీ అదే చర్చ. ఎక్కడో ఏదో దేశం సరిహద్దు కంచె దగ్గర పిల్లల్ని ఎత్తుకుని జనం నిలబడ్డారు. రానివ్వాలని ఒకాయన, తరిమేయాలని ఇంకొకాయన అరుస్తున్నారు. ఇలాంటివి చూసినప్పుడల్లా మనిద్దరికీ పడేది కాదు. నేను తలుపులు తీసేయమనేదాన్ని. నువ్వు ఒప్పుకునేదానివి కాదు. "రానియ్యాలె గని, అడిగి రానియ్యాలె. ముందుగాల నీళ్ళియ్యి, ఎనుక ఊరడుగు" అనేదానివి. ఇక్కడ పేట్ బషీరాబాద్‌లో మీ పొలం ప్లాట్లయ్యాక, అందులో ఒకటి కొని ఇల్లు కట్టుకుని కాకినాడ నుంచి మేం సామాన్లతో దిగిన రోజున నాకు చెంబుతో నీళ్ళిచ్చి, తాగాకే "ఏ ఊరు చెల్లె మీది?" అన్నావు.

ఈసారి వాదించడానికి ఎవరూ లేక టీవీ కట్టేశాను.

మధ్యాహ్నం మీ ఇంట్లోకి బరంపురం వాళ్ళు దిగారు. ఆ తలుపు ఇంకొకరు తీయబోవడం చూడలేకపోయాను. గేటు దగ్గరే ఆపి, "ఏ ఊరు? ఎంతమంది? ఎన్నాళ్ళుంటారు?" అని అడిగేశాను. వాళ్ళలో ఒక అమ్మాయి చంకలో బిడ్డతో ఎండలో నిలబడే అన్నిటికీ జవాబు చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది నీ మాట. లోపలికి పరుగెత్తాను.

నీళ్ళు తాగి, చెంబు తిరిగిస్తూ అడిగింది: "మీది ఈ ఊరేనాండీ?"

అవునన్నాను. "ఎప్పటిసంది?" అని నవ్వడానికి గోడవతల నువ్వు లేవు.