నా కోసం పెంచిన గడ్డం

మార్చి 3, సోమవారం

ఇవాళ కూడా బెలూన్ పగిలింది.

మా బావమరిది పెట్టిన పరీక్ష ఇది. పొద్దున్నే సెలూన్ తెరవగానే ఒక బెలూన్ ఊది, దానికి షేవింగ్ నురుగు పూసి, నా చేతికి రేజర్ ఇస్తాడు. బెలూన్ పగలకుండా నురుగంతా తీస్తేనే కస్టమర్ గడ్డం మీద చెయ్యి వేయనిస్తాడట. నా చెయ్యి వణుకుతుంది. ఢామ్. కుర్చీల్లో వాళ్ళంతా ఒకటే నవ్వు. వాడికి కత్తెర పట్టడం నేర్పింది నేను. ఇప్పుడు వాడు ఓనరు, నేను వేడి టవళ్ళు పిండేవాణ్ణి.

మందు మానిపించే మీటింగులేవో ఉన్నాయట, వాటికి వెళ్ళకపోతే రేపట్నుంచి టవళ్ళు కూడా ముట్టుకోవద్దు బావా అన్నాడు. మా ఆవిడ వాడి పక్షమే. తోడబుట్టినవాడు కదా.

మార్చి 6, గురువారం

ఆ మీటింగ్ వెతికి పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. లాండ్రీ మీద మేడ. బోర్డు లేదు. కింద లాండ్రీ అమ్మాయి నేను నోరు తెరవకముందే మెట్లు చూపించింది. మొహమ్మీదే రాసుందన్నమాట.

ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ. ఒకడు లేచి తన కథ చెప్పి ఏడుస్తాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. నడిపించే పెద్దాయన ఒక్కటే రూల్ చెప్పాడు. ఈ గదిలో విన్నది ఈ గదిలోనే వదిలేసి మెట్లు దిగాలట. సరేనన్నాను. సరే అనడానికేం పోయింది.

మార్చి 13

నా పక్క కుర్చీ ఒక స్కూల్ బస్ డ్రైవర్‌ది. అప్పుడే నన్ను తమ్ముడూ అంటున్నాడు. నా బెలూన్ గొడవ చెబితే అందరూ నవ్వారు, అతను తప్ప. నీకు రేజర్ తిరిగొచ్చేదాకా నేను గడ్డం గీయించుకోను, మొదటి షేవ్ నాదే అన్నాడు. మొక్కు గడ్డమట. పిచ్చిమాలోకం. నిన్నెవడు అడిగాడయ్యా?

మార్చి 20

తాగలేదు. అంతే.

మార్చి 27

ఇవాళ డ్రైవర్ తన కథ చెప్పాడు. ఆమధ్య పొద్దున్నే పూటుగా తాగి బస్సెక్కాడట. ప్రతి స్టాపులోనూ బుద్ధిగా ఆపాడు, హారన్ కొట్టాడు, తలుపు తీయడం మాత్రం మర్చిపోయాడు. పిల్లలు బ్యాగులతో వెనకాల పరిగెత్తుతున్నారు. స్కూలుకి ఖాళీ బస్సు చేరింది. తలుపు పట్టేసిందని అబద్ధం చెప్పి బయటపడ్డాడట. మళ్ళీ చుక్క ముట్టలేదు.

చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. నేను నవ్వు ఆపుకోలేక కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరాడు.

మార్చి 31, సోమవారం

బెలూన్ పగిలింది. నవ్వులు. ఒకప్పుడు నా కబుర్ల కోసమే ఈ సెలూన్‌కి జనం వచ్చేవాళ్ళు. ఒళ్ళు మండి ఖాళీ బస్సు కథ ఎత్తుకున్నాను. హారన్ కూడా కొట్టి చూపించాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. మా బావమరిది కూడా. ఎన్నాళ్ళకి నా చెయ్యి చూసి కాదు, నా మాట విని నవ్వారు!

పేరు చెప్పలేదు కాబట్టి రూల్ తప్పినట్టు కాదు. మొహమ్మీద టవల్ కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలిన ఒకాయన, ఏ స్కూలు బస్సు అని అడిగాడు. చెప్పాను. ఆనవాలు లేని కథకి రుచేముంటుంది?

ఏప్రిల్ 3

డ్రైవర్ ఉద్యోగం పోయింది.

హెడ్‌మాస్టర్ పిలిచి, స్టాపులూ హారన్‌తో సహా అంతా అప్పజెప్పాడట. ఎవరు చెప్పారంటే మాత్రం నోరు విప్పలేదట. ఆయన ఎక్కడ విన్నాడో నాకు తెలుసు. టవల్ కింద.

పెద్దాయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా? కదల్లేదు. కొత్తవాడు, పైగా సెలూన్‌లో పని, ఇతనే అయ్యుంటాడు అని ఎవరో అన్నారు. డ్రైవర్ చటుక్కున లేచాడు. తమ్ముడు అలాంటివాడు కాదు, నేను పూచీ అని నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. అది చూసి ఎవరూ అనుమానించలేదు. నా చెయ్యి ఎప్పుడూ వణికేదే కదా.

ఏప్రిల్ 10

అతను మీటింగ్‌కి రాలేదు. ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఏప్రిల్ 17

బెలూన్ పగల్లేదు!

నురుగు చుక్క మిగల్లేదు. బావమరిది నన్ను కౌగిలించుకుని రేజర్ చేతిలో పెట్టాడు. కస్టమర్లు చప్పట్లు కొట్టారు. సంతోషం పట్టలేక, ముందూ వెనకా చూడకుండా డ్రైవర్‌కే ఫోన్ చేశాను. అతని భార్య ఎత్తింది. మళ్ళీ మొదలుపెట్టాడు, పొద్దున్నించీ తాగుతూనే ఉన్నాడు, నీ మాటొక్కటే వింటాడు, ఒక్కసారి రా నాయనా అని ఏడ్చింది. ఇదిగో వస్తున్నా వదినా అన్నాను.

వెళ్ళలేదు. అతను తాగడం చూడలేక కాదు. గుమ్మంలో నన్ను చూసి తమ్ముడూ అంటాడని.

ఏప్రిల్ 19, ఉదయం

పోయాడు. మెట్ల మీంచి జారిపడ్డాడట. గడ్డం నువ్వే తియ్యాలి, అది ఆయన మాట అని వదిన కబురు పెట్టింది.

సాయంత్రం

తీశాను. ఒక్క గాటు పడలేదు.

వదిన నా చేతులు రెండూ కళ్ళకద్దుకుంది.