బలద్‌లో ముసుగు జోకర్

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. అప్పుడూ సెలవు దొరకలేదు, ఇప్పుడూ జిద్దాలోనే ఉన్నాను.

నిన్న శుక్రవారం. మా రూముకు కొత్తగా వచ్చిన రాజన్నతో ఇక్కడి పాతబస్తీ బలద్‌కు వెళ్లాను. అక్కడ వీధిలో ఇటలీ నుంచి వచ్చిన నాటకం వాళ్లు ఆడుతున్నారు. అందులో ఒక జోకర్ ఉన్నాడు. ముఖానికి నల్లటి తోలు ముసుగు, ఒంటి మీద రంగురంగుల అతుకుల బట్టలు. ఎప్పుడూ ఆకలితో తిరిగే పనివాడి వేషమట. మన ఊరి భాగోతంలో జోకర్ వేషం కట్టే నువ్వు గుర్తొచ్చి ముందుకు వెళ్లి నిలబడ్డాను.

అతను లేని రొట్టెను ఉన్నట్టే పట్టుకొచ్చి, సగం తుంచి నాకిచ్చాడు. నువ్వు ఎన్నిసార్లు పిలిచినా నేను సిగ్గుపడి ఆటలోకి రాలేదు కదా. నిన్న వెళ్లాను. నీలాగే చేయి కాలినట్టు ఎగిరి, రొట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదాను. అతను వచ్చి నా వేళ్లు కూడా ఊదాడు. జనం పడీ పడీ నవ్వారు.

తిరిగి వస్తుంటే రాజన్న అడిగాడు.

"గిదంతా ఏడ నేర్చినవే?"

"మా అన్న చేస్తడు."

"ఊర్లెనే ఉంటడా?"

"ఆ, ఊర్లెనే ఉంటడు" అన్నాను.

నీ తమ్ముడు